గండం గడిచింది.. భయం పోయిందా?

బడి బస్సు ప్రమాదం. హాస్టల్‌లో కలుషితాహారం. తోటి విద్యార్థి మరణం. ఇలాంటివి జరిగినప్పుడు గాయాలకు కట్టు కడతాం, సెలైన్‌ ఎక్కిస్తాం, రెండు రోజులకు బడి తెరుస్తాం. కానీ మనసుకు తగిలిన దెబ్బ ఎక్స్‌రేలో కనిపించదు. అది పిల్లలకే కాదు.. వాళ్లను చూసుకునే టీచర్లకు, ఆయాలకు, బస్సు డ్రైవర్లకూ తగులుతుంది. ఊరటనిచ్చే విషయం ఏంటంటే.. ఇంట్లో, బడిలో పెద్దలు కొన్ని వారాల పాటు తెలిసి మసలుకుంటే చాలామంది పిల్లలు తేరుకుంటారు. తేరుకోని కొద్దిమందిని గుర్తించి, సకాలంలో సాయం అందించటమే అసలు పని.

2022 జులై 8. మహబూబ్‌నగర్‌ జిల్లాలో జోరువాన. మాచన్‌పల్లి దగ్గర రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నిలిచిన వరద నీటిలో ఓ ప్రైవేటు బడి బస్సు చిక్కుకుపోయింది. లోపలికి నీళ్లొచ్చాయి. బస్సులో పాతిక మంది వరకు పిల్లలున్నారు. చుట్టుపక్కల వాళ్లు పరుగెత్తుకొచ్చి అందర్నీ క్షేమంగా బయటకు తీశారు.

2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరు జిల్లా పరిషత్‌ ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న విద్యార్థులు వాంతులు, కడుపునొప్పితో ఆసుపత్రి పాలయ్యారు. వారం తిరక్కుండానే అదే బడిలో మరికొందరు అస్వస్థతకు గురయ్యారు. అదే ఏడాది ఫిబ్రవరిలో భువనగిరిలోని ఓ బాలికల హాస్టల్‌లో ఇద్దరు పదో తరగతి విద్యార్థినులు చనిపోయారు. అప్పటికి పబ్లిక్‌ పరీక్షలు నెలన్నర దూరంలో ఉన్నాయి.

పాత మహబూబ్‌నగర్‌, నల్గొండ జిల్లాల్లో జరిగిన ఈ మూడు ఘటనలూ వేర్వేరు. కానీ ప్రతిదాని తర్వాతా మిగిలే ప్రశ్న ఒక్కటే. మళ్లీ ఆ బస్సు ఎక్కాల్సిన, ఆ అన్నం తినాల్సిన, ఆ గదుల్లో పడుకోవాల్సిన పిల్లల సంగతేంటి?

'చిన్నపిల్లలు.. మర్చిపోతారు' నిజమేనా?

మనం ఎక్కువగా వినే మాట ఇది. అర్ధ శతాబ్దం కిందట డాక్టర్లలోనూ చాలామంది ఇలాగే అనుకునేవారు. ఆ నమ్మకాన్ని కదిలించింది కూడా ఓ బడి బస్సు ఘటనే. 1976 జులైలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం చౌచిల్లాలో దుండగులు 26 మంది పిల్లలున్న బస్సును అపహరించారు. పిల్లల్ని, డ్రైవర్‌ను ఓ క్వారీలో భూమిలో పాతిపెట్టిన లారీ డబ్బాలో బంధించారు. గంటల తర్వాత వాళ్లే దారి చేసుకుని బయటపడ్డారు. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. కథ సుఖాంతమైందని అంతా అనుకున్నారు.

లెనోర్‌ టెర్‌ అనే పిల్లల మానసిక వైద్యురాలు మాత్రం ఆ పిల్లల్ని కలిసి మాట్లాడారు. నాలుగేళ్ల తర్వాత మళ్లీ చూశారు. ఆమె పరీక్షించిన ప్రతి ఒక్కరిలోనూ ఆ భయం తాలూకు ఆనవాళ్లు ఏదో ఒక రూపంలో మిగిలే ఉన్నాయి. కొందరు అదే ఘటనను ఆటగా మళ్లీ మళ్లీ ఆడేవారు. అందులో సరదా ఉండేది కాదు. 'ఆ రోజు అలా చేయకపోతే ఇదంతా జరిగేది కాదేమో' అంటూ ముందుగా కనిపించిన 'సూచనల' కోసం వెతుక్కునేవారు. ఒంటి మీద గీత పడకపోయినా మనసుకు గాయం కావొచ్చని, చెప్పటం రాకపోయినా పిల్లలు దాన్ని మోస్తారని ఆ పరిశీలన తేల్చిచెప్పింది.

అలాగని ప్రతి బిడ్డా జబ్బు పడతారని కాదు. తీవ్రమైన ఘటనలు ఎదుర్కొన్న పిల్లలపై జరిగిన అధ్యయనాలను గుదిగుచ్చి 2014లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం వీరిలో సుమారు 16% మందికి పీటీఎస్‌డీ (ఘటన తర్వాత వీడని తీవ్ర ఒత్తిడి జబ్బు) వచ్చింది. అంటే ఆరుగురిలో ఒకరు. మిగిలిన ఐదుగురి విషయంలో మన పని కోలుకునే దారికి అడ్డు పడకపోవటం. ఆ ఒక్కరి విషయంలో మన పని ఆలస్యం చేయకపోవటం.

లోపల ఏం జరుగుతుంది?

మన మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అలారం లాంటి భాగం ఉంటుంది. పేరు అమిగ్డలా. ముప్పు ఎదురవగానే అది మోగుతుంది. గుండె దడదడలాడుతుంది, ఒళ్లు బిగుసుకుంటుంది, ఊపిరి వేగం పెరుగుతుంది. ప్రాణాలు కాపాడుకోవటానికి ఇది అవసరం. చిక్కేంటంటే.. ముప్పు తొలగిపోయాక కూడా కొంతకాలం ఈ అలారం చిన్న చప్పుడుకే మోగుతుంటుంది. వాన చినుకులు పడితే చాలు, బస్సులో మునిగిన పిల్లాడు వణికిపోవచ్చు. అన్నం వాసన తగలగానే హాస్టల్‌ అమ్మాయికి నిజంగానే కడుపులో తిప్పొచ్చు. ఇవి నటన కాదు, బడి ఎగ్గొట్టే సాకులూ కాదు.

ఈ భయం వయసును బట్టి వేషం మారుస్తుంది.

• 3-6 ఏళ్ల వారు: అమ్మ కొంగు వదలరు. మానేసిన పక్క తడపటం మళ్లీ మొదలవుతుంది. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచి ఏడుస్తారు. జరిగిందే ఆటగా ఆడతారు.

• 7-12 ఏళ్ల వారు: కడుపునొప్పి, తలనొప్పి అంటారు. బడికి వెళ్లనని మారాం చేస్తారు. చదువులో దృష్టి నిలవదు. 'మా తమ్ముణ్ని నేనే ముందు సీట్లో కూర్చోబెట్టాను' అంటూ తప్పు తమ మీద వేసుకుంటారు.

• 13-18 ఏళ్ల వారు: 'నాకేం కాలేదు' అని మాట తుంచేస్తారు. గదిలో ఒంటరిగా ఉంటారు. చిరాకు, కోపం పెరుగుతాయి. నిద్ర తగ్గుతుంది. కొందరు బండి వేగంగా నడపటం, సిగరెట్‌, మద్యం వంటి వాటి వైపు మళ్లుతారు.

తొలి వారాల్లో ఇవి కనిపించటం సహజమే. రోజులు గడిచే కొద్దీ తగ్గుతున్నాయా, లేదా అన్నదే చూడాలి.

ఇంట్లో ఏం చేయాలి?

ముందు బిడ్డకు కావాల్సింది భద్రత. దగ్గరకు తీసుకోండి. ఇంత తినిపించండి. కొన్ని రాత్రులు పక్కన పడుకుంటానంటే పడుకోనివ్వండి. 'ఇంత పెద్దదానివై భయమేంటి?', 'వాళ్లను చూడు, ఎంత ధైర్యంగా ఉన్నారో' వంటి మాటలు వద్దు. 'ఏం కాలేదులే బిడ్డా, మర్చిపో' అనటమూ వద్దు. ఏదో అయిందని బిడ్డకు తెలుసు. కాలేదంటే ఇక మనతో చెప్పుకోవటం మానేస్తారు. దానికి బదులు 'భయపడ్డావు కదా బిడ్డా. అలాంటప్పుడు ఎవరికైనా భయమేస్తుంది. ఇప్పుడు నువ్వు మా దగ్గరున్నావు' అనండి.

చెప్పమని తరచి తరచి అడగొద్దు. చెప్పినప్పుడు మధ్యలో ఆపొద్దు. చిన్నపిల్లలు మాటల్లో కన్నా బొమ్మలు గీస్తూ, ఆడుకుంటూ, అమ్మ కూరగాయలు కోస్తుంటే పక్కన కూర్చుని ఎక్కువ చెబుతారు. వచ్చిన ప్రతి చుట్టానికీ బిడ్డతో కథంతా చెప్పించటం మాత్రం మానేయాలి. ఫోన్లలో తిరిగే ఘటన వీడియోలు, టీవీలో పదేపదే వచ్చే దృశ్యాలు పిల్లల కంట పడకుండా చూడాలి. చిన్నపిల్లలు ఆ దృశ్యం చూసిన ప్రతిసారీ అది మళ్లీ జరుగుతోందనే అనుకుంటారు.

మన దగ్గర పిల్లలు భయపడితే 'జడుసుకున్నాడు' అని దిష్టి తీయటం, దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించటం మామూలే. పెద్దలు తన కోసం ఏదో చేస్తున్నారన్న ధీమా బిడ్డకు కలిగితే మంచిదే. కానీ అక్కడితో ఆగిపోవద్దు. భయపెట్టే, కొట్టే, పస్తులుంచే పద్ధతుల జోలికి అసలే వెళ్లొద్దు.

పాలమూరు పల్లెల్లో మరో కష్టం ఉంది. పనుల కోసం అమ్మానాన్నలు ముంబయి, పుణె, హైదరాబాద్‌ వలస వెళితే పిల్లలు తాత, అవ్వల దగ్గరో, హాస్టల్‌లోనో ఉంటారు. వీలైతే కొద్ది రోజులైనా తల్లిదండ్రుల్లో ఒకరు వచ్చి ఉండాలి. కుదరకపోతే రోజూ ఒకే సమయానికి వీడియో కాల్‌ చేయాలి. 'రాత్రి ఎనిమిదింటికి అమ్మ ఫోన్‌ వస్తుంది' అన్న నమ్మకం బిడ్డకు పెద్ద ఆసరా.

బడి తెరిచిన తొలిరోజు

బడిని ఎక్కువ రోజులు మూసి ఉంచటం మంచిది కాదు. తెలిసిన గంట, తెలిసిన బెంచీ, తెలిసిన స్నేహితులు.. ఈ మామూలు దినచర్యే పిల్లల్ని గాడిలో పెడుతుంది. అయితే ఏమీ జరగనట్టు నేరుగా పాఠం మొదలుపెట్టడమూ తప్పే. మొదటి పీరియడ్‌లో, ఎవరి తరగతిలో వారి క్లాస్‌ టీచరే నిజం చెప్పాలి. ప్రార్థన సమయంలో మైకులో చెప్పటం కన్నా ఇది మేలు. మాటలు ఇలా ఉండొచ్చు:

'పిల్లలూ, మన బస్సు నీళ్లలో చిక్కుకున్న సంగతి మీకు తెలుసు. అందరూ క్షేమంగా బయటికొచ్చారు. ఇద్దరు ఇంకా ఇంటి దగ్గర ఉన్నారు, వచ్చే వారం వస్తారు. ఇకపై వాన పడితే బస్సు ఆ దారిలో రాదు. మీలో కొందరికి భయంగా ఉండొచ్చు, కొందరికి ఏమీ అనిపించకపోవచ్చు. రెండూ మామూలే. ఎవరికైనా మాట్లాడాలనిపిస్తే నా దగ్గరికి రండి.'

ఇందులో నాలుగు విషయాలున్నాయి. ఏం జరిగిందో సూటిగా చెప్పటం, ఎవరెలా ఉన్నారో చెప్పటం, మళ్లీ జరగకుండా ఏం మార్చామో చెప్పటం, ఎవరిని కలవాలో చెప్పటం. పెద్దలు చెప్పకపోతే ఆ ఖాళీని పుకార్లు నింపుతాయి. మూడో విషయం ఇంకా ముఖ్యం. నిజంగా ఏదీ మార్చకుండా ధైర్యం మాత్రమే చెబితే పిల్లలు నమ్మరు. మధ్యాహ్న భోజనాన్ని పిల్లలకు వడ్డించే ముందు టీచర్‌ సహా పెద్దలు రుచి చూడాలన్నది నిబంధనే. మాగనూరు లాంటి ఘటన తర్వాత అది రిజిస్టర్‌లో సంతకంగా మిగిలితే లాభం లేదు. సారు, మేడం పిల్లల కళ్ల ముందు, అదే పళ్లెంలో, అదే అన్నం తినాలి. తల్లిదండ్రులూ వంతుల వారీగా వచ్చి కూర్చుంటే ఇంకా మంచిది.

భయపడిన దాన్ని కొద్దికొద్దిగా దగ్గర చేయాలి. బస్సంటే వణికే బిడ్డను మొదటిరోజే ఎక్కించొద్దు. అలాగని ఏడాదంతా నాన్న బండి మీదే దింపితే భయం పాతుకుపోతుంది. మొదట ఆగిన బస్సు దగ్గర నిలబడటం, తర్వాత అమ్మతో కలిసి సీట్లో కూర్చోవటం, ఆపై రెండు స్టాపుల దూరం వెళ్లటం.. ఇలా ఒక్కో మెట్టూ ఎక్కించాలి.

కలుషితాహారం ఘటన తర్వాత ఒకరికి కడుపునొప్పి వస్తే పదిమందీ నొప్పి అనొచ్చు. ముందు డాక్టర్‌ చూడాలి. అన్నీ సవ్యంగా ఉంటే 'నాటకాలు' అని కసరకుండా, గుంపుగా కాకుండా విడివిడిగా ప్రశాంతంగా కూర్చోబెట్టి నీళ్లు తాగించి, నెమ్మదిగా ఊపిరి తీసి వదలమనాలి.

స్నేహితురాలు ఇక రాదని తెలిసినప్పుడు..

2014 జులై 24న మెదక్‌ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని రైల్వే క్రాసింగ్‌లో బడి బస్సును రైలు ఢీకొన్నప్పుడు పదిమందికి పైగా చిన్నారులను కోల్పోయాం. ఇలాంటప్పుడు మిగిలిన పిల్లల ముందు ఖాళీ బెంచీ ఉంటుంది. దాన్ని రాత్రికి రాత్రి తీసేయకండి. హాజరు పిలిచేటప్పుడు ఆ పేరును ఏమీ ఎరగనట్టు దాటేయకండి. తరగతి పిల్లలతో మాట్లాడి, వాళ్లతో కలిసే నిర్ణయించండి. చిన్నపిల్లలకు 'నిద్రపోయింది', 'ఊరెళ్లింది' అని చెప్పొద్దు. తర్వాత నిద్రన్నా, ఊరన్నా భయపడతారు. 'చనిపోయింది, ఇక తిరిగి రాదు' అని మెల్లగా, సూటిగా చెప్పటమే నయం. వెళ్లాలనుకునే పిల్లల్ని పెద్దల తోడుతో ఆ ఇంటికి తీసుకెళ్లొచ్చు.

మరణం ఆత్మహత్య అయినా, ఆ అనుమానం ఉన్నా జాగ్రత్త రెట్టింపవ్వాలి. ఎలా జరిగిందన్న వివరాలు తరగతిలో చర్చించొద్దు. ఒకే ఒక్క కారణానికి ముడిపెట్టొద్దు. పెద్ద ఫ్లెక్సీలు, గొప్పగా చూపే సభలు వద్దు. దగ్గరి స్నేహితులను, అంతకుముందే దిగులుగా ఉన్నవారిని విడిగా పిలిచి మాట్లాడాలి. 'చచ్చిపోవాలని అనిపిస్తోందా?' అని నేరుగా అడగొచ్చు. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. చెప్పుకునే దారి దొరుకుతుంది. 'అవును' అంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టర్‌ దగ్గరికి తీసుకెళ్లాలి.

పరీక్షలు దగ్గర్లో ఉంటే మార్కుల లెక్కలు కొద్ది రోజులు పక్కన పెట్టాలి. కొంతకాలం జ్ఞాపకశక్తి, ఏకాగ్రత తగ్గటం సహజం. స్లిప్‌ టెస్టులు వాయిదా వేసి, చదవాల్సింది చిన్న భాగాలుగా ఇవ్వాలి.

సార్లకు, ఆయమ్మకు ఎవరు ధైర్యం చెబుతారు?

అందరూ మర్చిపోయేది వీళ్లనే. పిల్లల్ని ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తిన పీఈటీ సారు, రాత్రంతా వార్డులో కూర్చున్న వార్డెన్‌, వంట చేసిన అక్కలు, స్టీరింగ్‌ మీద చేతులున్న డ్రైవర్‌. వీరికి ఘటన భయంతో పాటు 'నా వల్లే' అన్న అపరాధ భావన, పై అధికారుల విచారణ, తల్లిదండ్రుల కోపం, టీవీ కెమెరాలు తోడవుతాయి. బాధ్యులు ఎవరో తేల్చటం అవసరమే. కానీ విచారణ జరుగుతున్న మనిషికీ నిద్ర పట్టదు, అన్నం సయించదు. ఆ సాయం ఆగకూడదు. పెద్దలు వణుకుతుంటే పిల్లలకు ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

• మొదటి రెండు వారాలు రోజూ బడికి ముందు పావుగంట సిబ్బంది అంతా కూర్చోవాలి. ఎవరెలా ఉన్నారు, ఏ పిల్లల్ని గమనించాలి అన్నవి మాత్రమే మాట్లాడుకోవాలి. ఆయాలు, డ్రైవర్లు, వంటవాళ్లనూ పిలవాలి.

• జరిగింది తరగతిలో చెప్పటానికి గొంతు రాని టీచర్‌ను బలవంతపెట్టొద్దు. పిల్లలకు తెలిసిన మరొకరు చెప్పొచ్చు.

• హాస్టల్‌లో రాత్రి డ్యూటీ ఒక్కరి మీదే వేయొద్దు. వంతులు మార్చుకోవాలి.

• పిల్లల ముందు కంట నీరు వస్తే తప్పేం లేదు. 'నాకూ బాధగా ఉంది, అయినా మనం కలిసి ఉన్నాం' అంటే చాలు.

• నిద్ర కోసం మద్యాన్ని ఆశ్రయించొద్దు. అది నిద్రను మరింత చెడగొడుతుంది.

• తల్లిదండ్రులతో, విలేకరులతో మాట్లాడే పని హెచ్‌ఎం లేదా మరొకరు మాత్రమే చూడాలి. పిల్లల్ని కెమెరాల ముందు నిలబెట్టొద్దు.

ఒక్కరోజు కౌన్సెలింగ్‌ చాలదు

ఘటన జరగ్గానే ఓ నిపుణుణ్ని పిలిచి, పిల్లలందర్నీ హాల్లో కూర్చోబెట్టి, 'ఏం జరిగిందో ఒక్కొక్కరు చెప్పండి' అనటం కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఉద్దేశం మంచిదే. కానీ ఇలా ఒక్కసారిగా అంతా చెప్పించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటోంది. దీంతో మేలు జరుగుతుందని తేలలేదు, కొందరికి భయం పెరగొచ్చు కూడా. దీనికి బదులు 'మానసిక ప్రథమ చికిత్స'ను సూచిస్తోంది. ఇందులో మూడే మాటలు. చూడటం, వినటం, కలపటం. ఎవరికి ఏం కావాలో చూడాలి. చెప్పింది బలవంతం లేకుండా వినాలి. అమ్మానాన్నలతో, స్నేహితులతో, అవసరమైతే డాక్టర్‌తో కలపాలి. మందులు ఇచ్చే పని కాదు కాబట్టి కొద్దిపాటి శిక్షణతో టీచర్లూ దీన్ని నేర్చుకోవచ్చు.

మరో హెచ్చరిక. నిద్రపోవటం లేదని పిల్లలకు నిద్రమాత్రలు ఇవ్వొద్దు. ఘటన తర్వాత తొలి నెలలో పిల్లలకు డయాజిపామ్‌ రకం మందులు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే స్పష్టం చేసింది.

డాక్టర్‌కు ఎప్పుడు చూపించాలి?

నెల దాటినా తగ్గని ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు:

• అవే పీడకలలు, కళ్ల ముందు అవే దృశ్యాలు

• ఆ దారి, ఆ గది, ఆ మాట ఎత్తితేనే పారిపోవటం

• చిన్న చప్పుడుకే ఉలికిపాటు, నిద్రలేమి

• బడికి వెళ్లలేకపోవటం, తిండి మానేయటం, స్నేహితులకు దూరమవటం

చనిపోవాలన్న మాటలు, తనను తాను గాయపరచుకోవటం, పూర్తిగా మాట పడిపోవటం వంటివి కనిపిస్తే మాత్రం నెల ఆగొద్దు. వెంటనే తీసుకెళ్లాలి. ఆప్తుల్ని కోల్పోయినవారు, ఘటనను దగ్గర్నుంచి చూసినవారు, ఇంతకుముందే ఆందోళన, కుంగుబాటు ఉన్నవారి మీద ఇంకా ఎక్కువ కన్నేసి ఉంచాలి.

పీటీఎస్‌డీకి మంచి చికిత్స ఉంది. భయపెట్టే జ్ఞాపకాన్ని సురక్షితంగా ఎదుర్కోవటం నేర్పే ప్రత్యేక కాగ్నిటివ్‌ బిహేవియర్‌ థెరపీ (సీబీటీ) పిల్లలకు బాగా పనిచేస్తుంది. సాధారణంగా కొన్ని వారాల పాటు విడతలుగా చేస్తారు. తల్లిదండ్రులూ ఇందులో పాలుపంచుకుంటారు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లటమంటే బిడ్డకు 'పిచ్చి' అని ముద్ర వేయటం కాదు. విరిగిన చేతికి కట్టు కట్టించటం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

సాయం ఎక్కడ?

టెలి మానస్‌: 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత సేవ. 24 గంటలూ తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలు, తల్లిదండ్రులు, టీచర్లు ఎవరైనా ఫోన్‌ చేయొచ్చు.

చైల్డ్‌ హెల్ప్‌లైన్‌: 1098. ఆపదలో ఉన్న పిల్లల కోసం. ఘటన వెనక వేధింపులు ఉంటే ఇక్కడికి తెలపొచ్చు. లైంగిక దాడి ఉంటే పోలీసులకు తప్పనిసరిగా తెలపాలి. బిడ్డను మళ్లీ మళ్లీ ప్రశ్నించొద్దు.

ప్రభుత్వ ఆసుపత్రులు: నల్గొండ, మహబూబ్‌నగర్‌ ప్రభుత్వ వైద్య కళాశాలల అనుబంధ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాన్ని సంప్రదించొచ్చు. అవసరమైతే హైదరాబాద్‌ ఎర్రగడ్డలోని మానసిక వైద్యాలయానికి పంపిస్తారు.

చివరగా ఓ విషయం. ఏడాది తిరిగి అదే తేదీ వచ్చినప్పుడు, మళ్లీ వానాకాలం మొదలైనప్పుడు తగ్గిన భయం కొన్నాళ్లు తిరిగి తొంగిచూడొచ్చు. దీన్ని జబ్బు తిరగబెట్టటంగా భావించి కంగారు పడొద్దు. కానీ ఆ తేదీని బడి క్యాలెండర్‌లో ముందే గుర్తుపెట్టుకోండి. ఆ వారంలో పరీక్షలు పెట్టకండి. పిల్లల్ని, సిబ్బందిని 'ఎలా ఉన్నారు?' అని ఓసారి పలకరించండి.